పన్నెండు మీటర్ల రాడ్డు, హాస్కెల్ లెక్క

ఇల్లు కట్టించినవాళ్లకు తెలిసిన సంగతే. స్టీలు కొట్టు నుంచి రాడ్డు 12 మీటర్ల పొడవున వస్తుంది. లారీలో పట్టక మధ్యకు మడిచి తెచ్చినా దాని పొడవు అంతే. సైటులో కావలసిన ముక్కలు మాత్రం ఆ కొలతకు ఉండవు. ఒకచోట 5 మీటర్లు కావాలి, ఇంకోచోట 4, మరోచోట 3. కోయగా మిగిలిన తునకలు ఓ మూలన పడి తుప్పు పడుతుంటాయి.

ఒక చిన్న లెక్క పెట్టుకుందాం. 12 ఎం.ఎం. రాడ్డులో 5 మీటర్ల ముక్కలు 40, 4 మీటర్లవి 25, 3 మీటర్లవి 15 కావాలి. ఎన్ని రాడ్లు తెప్పించాలి?

ముక్కల పొడవులన్నీ కూడితే 345 మీటర్లు. 12తో భాగిస్తే 28.75. కాబట్టి 29 రాడ్లకు తక్కువైతే ఎవరి వల్లా కాదు. చేయి తిరిగిన మేస్త్రి పెద్ద ముక్కలతో మొదలుపెడతాడు. రాడ్డుకు రెండు చొప్పున 20 రాడ్లలో 5 మీటర్లవి 40 తీసేస్తాడు. రాడ్డుకు మూడు చొప్పున 8 రాడ్లలో 4 మీటర్లవి 24 వస్తాయి. మిగిలిన ఒక్క ముక్క కోసం తొమ్మిదో రాడ్డు కోసి, అందులోనే 3 మీటర్లవి రెండు లాగుతాడు. ఇంకా 13 కావాలి, వాటికి 4 రాడ్లు. వెరసి 33.

ఈ పని 31 రాడ్లతో అవుతుంది. 30తో కాదు. సైటు మీద అందరూ వాడే లెక్క ప్రకారం, రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. అలా చూస్తే ఆదా అయిన రెండు రాడ్లు 21 కిలోల పైచిలుకు. ఒక్క ఇంటికి అదేమంత పెద్ద మొత్తం కాదు. పది బ్లాకుల అపార్ట్‌మెంటుకో, కాగితం చుట్టలు కోసే మిల్లుకో, గుడ్డ తానులు కత్తిరించే ఫ్యాక్టరీకో అయితే లాభనష్టాలు తేలేది అక్కడే. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆదా కంటే ఆ రెండో వాక్యం: 30తో కాదు. ఎంత తెలివైనవాడు ఎన్నాళ్లు కూర్చున్నా కాదని ముందే ఎలా చెప్పగలం? ఆ లెక్కను కంప్యూటరుకు ఎలా అప్పజెప్పాలి, అందుకు హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాష ఎందుకు నప్పుతుంది అన్నదే ఈ వ్యాసం.

ముందు కాస్త వెనక్కి. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కాంటొరోవిచ్ అనే గణితవేత్త దగ్గరకు ప్లైవుడ్ పరిశ్రమవాళ్లు ఒక చిక్కు తెచ్చారు: ఏ యంత్రం మీద ఏ రకం చెక్క ఎంతసేపు నడిపితే ఉత్పత్తి ఎక్కువ వస్తుంది? మరుసటి ఏడాది ఆయన వేసిన చిన్న పుస్తకంలో ఆ లెక్కతోపాటు, తుక్కు తక్కువ పోయేలా సరుకును కోయడమెలాగన్నదీ ఉంది. 1947లో అమెరికా వైమానిక దళం కోసం పనిచేస్తున్న జార్జ్ డాంట్జిగ్ ఇలాంటి లెక్కలన్నిటినీ వరసగా తేల్చే సింప్లెక్స్ పద్ధతిని కనిపెట్టాడు. ఇదే లీనియర్ ప్రోగ్రామింగ్. అందులో తెలియని అంకెలు ఉంటాయి, వాటిని స్థిరమైన అంకెలతో గుణించి కూడతాం, ఆ మొత్తం ఇంతకు తగ్గకూడదు, అంతకు మించకూడదు అని షరతులు పెడతాం, ఒక మొత్తాన్ని వీలైనంత తగ్గించమనో పెంచమనో అడుగుతాం. గుణకారం ఒకటే హద్దు: తెలియని అంకెను తెలియని అంకెతో గుణించకూడదు. జవాబులు పూర్ణాంకాలే కావాలని పట్టుబడితే అది ఇంటీజర్ ప్రోగ్రామింగ్. సగం రాడ్డు కొట్టువాడు అమ్మడు కాబట్టి మనది ఆ రెండో రకం.

ఇక మన లెక్కలో తెలియని అంకెలేవి? మొదట తట్టేది ఇది: 33 రాడ్లను వరసగా పేర్చుకుని, ఒకటో రాడ్డులోంచి 5 మీటర్లవి ఎన్ని, 4 మీటర్లవి ఎన్ని అంటూ ఒక్కో రాడ్డుకూ విడివిడిగా అడగడం. ఈ పద్ధతికి నేటికీ కాంటొరోవిచ్ పేరే ఉంది. కానీ దీంట్లో ఒక తంటా ఉంది. ఒకటో రాడ్డునూ ఏడో రాడ్డునూ అటుదిటు ఇటుదటు చేసినా అసలు పనిలో తేడా ఉండదు, అయినా కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు జవాబులు. ఒకే జవాబును లెక్కలేనన్ని వేషాల్లో చూసి అది అలసిపోతుంది.

1961లో ఐ.బి.ఎం.లో పనిచేసే పాల్ గిల్మోర్, రాల్ఫ్ గొమోరీ ఈ లెక్కను మరోవైపు నుంచి పట్టుకున్నారు. రాడ్డు రాడ్డుకూ అడగడం మానేసి, రాడ్డును కోసే తీరులేమిటో ముందు రాసుకుందాం అన్నారు. 12 మీటర్ల రాడ్డులోంచి 5, 4, 3 మీటర్ల ముక్కలు ఎన్నేసి తీయొచ్చో చూస్తే, ఇంకో ముక్క రానంతగా వాడుకున్న తీరులు ఏడే ఏడు: రెండు అయిదులు; అయిదు, నాలుగు, మూడు ఒక్కొక్కటి; ఒక అయిదు, రెండు మూడ్లు; మూడు నాలుగులు; రెండు నాలుగులు, ఒక మూడు; ఒక నాలుగు, రెండు మూడ్లు; నాలుగు మూడ్లు. ఇప్పుడు తెలియని అంకెలు ఏడు. ఏ తీరున ఎన్ని రాడ్లు కోయాలి? అంతే.

ఈ ఏడింటినీ చేత్తో రాయొచ్చు. పొడవులు మూడు కాక పదిహేను ఉంటే రాయలేం. ఫంక్షనల్ భాష రంగంలోకి దిగేది ఇక్కడ. హాస్కెల్ అనేది 1990లో మొదటి రూపం విడుదలైన భాష, తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కరీ పేరు దానికి పెట్టారు. పాఠకుల సౌకర్యం కోసం పేర్లన్నీ తెలుగు చేసి, గుర్తుల్ని కాస్త సరళం చేసి చూపిస్తాను:

తీరులు [] రాడ్డు = [[]]
తీరులు (పొడవు : మిగతావి) రాడ్డు =
 [ ఎన్ని : తర్వాతివి | ఎన్ని ← [0 .. రాడ్డు ÷ పొడవు], తర్వాతివి ← తీరులు మిగతావి (రాడ్డు − ఎన్ని × పొడవు) ]

మొదటి వరస: కోయాల్సిన పొడవులేవీ లేకపోతే ఒకటే తీరు ఉంది, ఏమీ కోయకపోవడం. తర్వాతి వరసలు: పొడవుల లిస్టులో మొదటిది తీసుకో. అది సున్నా నుంచి రాడ్డులో పట్టినన్ని దాకా ఎన్నయినా కోయొచ్చు. అలా కోశాక మిగిలిన రాడ్డును మిగతా పొడవులతో ఎన్ని తీరుల కోయొచ్చో, ఇదే ఫంక్షన్‌ను మళ్లీ అడుగు. తనను తాను పిలుచుకునే ఈ ఏర్పాటే రికర్షన్. దీనికి 5, 4, 3, 12 ఇస్తే, అసలు కోయకపోవడంతో కలిపి 17 తీరులు వస్తాయి. ఇంకో ముక్కకు చోటున్నవాటిని జల్లెడ పడితే మనం రాసుకున్న ఏడూ మిగులుతాయి. ఇందులో లూపు తిరగలేదు, ఏ పెట్టెలోని అంకెనూ చెరిపి రాయలేదు. నిర్వచనం రాశాం, దానికి తగిన లిస్టు వచ్చింది.

అసలు మోడల్‌నూ ఇదే ధోరణిలో రాయొచ్చు. 'కోత తీ' అంటే 'తీ' అనే తీరున కోసే రాడ్ల సంఖ్య, అదే మనకు తెలియనిది. 'మంచితీరులు' అంటే జల్లెడ పట్టగా మిగిలిన ఆ ఏడు.

లక్ష్యం = మొత్తం [ 1 × కోత తీ | తీ ← మంచితీరులు ]
షరతులు = [ మొత్తం [ ముక్కలు తీ పొ × కోత తీ | తీ ← మంచితీరులు ] ≥ కావలసినవి పొ | పొ ← [5, 4, 3] ]

నల్లబల్ల మీద లెక్కల మాస్టారు రాసే వరసకూ దీనికీ పెద్ద తేడా లేదు. పైథాన్ లాంటి భాషల్లో అలవాటైన పద్ధతి వేరు. ఖాళీ మోడల్ ఒకటి తయారుచేసి, లూపు తిప్పుతూ అందులో ఒక్కో షరతూ పడేస్తూ పోతారు. ప్రోగ్రాం నడక మధ్యలో ఎక్కడ ఆగి చూస్తే మోడల్ అక్కడికి తగ్గట్టుగా ఉంటుంది. చిన్న లెక్కలకు ఇదేమీ ఇబ్బంది కాదు, పైథాన్‌లోనూ పొందిగ్గా రాసేవాళ్లున్నారు. మోడల్ పెరిగి, నలుగురు చేతులు పెట్టి, ఫలానా షరతు ఏ ఫైల్లో ఎప్పుడు కలిసిందో తెలియని రోజు వచ్చినప్పుడు అసలు బాధ మొదలవుతుంది. హాస్కెల్‌లో 'షరతులు' అన్నది ఒక విలువ, 7 ఎలాగో అదీ అలాగే. దాన్ని ఇంకో షరతుల లిస్టుతో కలిపితే మూడో లిస్టు వస్తుంది, మొదటిది చెక్కుచెదరదు. "4 మీటర్లవి ఇంకో పది కావాల్సి వస్తే?" అని అడగాలంటే పాత మోడల్‌ను పాడుచేయకుండా పక్కన కొత్తది నిలబెట్టి రెండింటినీ పోల్చి చూడొచ్చు.

ఇంకాస్త లోపలికి వెళ్దాం. 2 × క + 3 × గ అన్న మాటను కంప్యూటరు ఏ రూపంలో దాచుకుంటుంది? క, గ ఎంతో ఇంకా తెలియదు కాబట్టి గుణించి విలువ కట్టలేదు. అది దాచేది ఒక చిన్న పట్టిక: క ఎదురుగా 2, గ ఎదురుగా 3. రెండు మాటల్ని కూడడమంటే రెండు పట్టికల్ని కలిపి, ఒకే పేరు ఎదురుగా ఉన్న అంకెల్ని కూడడం. ఒక అంకెతో గుణించడమంటే పట్టికలో ప్రతి అంకెనూ దాంతో గుణించడం. హాస్కెల్ నుంచి ఇలాంటి లెక్కల్ని తేల్చిపెట్టే జి.ఎల్.పి.కె. అనే ఉచిత సాల్వర్‌ను పిలిచే ఒక లైబ్రరీలో లీనియర్ మాట అంటే అచ్చంగా ఇలాంటి పట్టికే.

మరి పట్టికను పట్టికతో గుణిస్తే? అర్థం లేదు. లీనియర్ లెక్కకు ఉన్న ఒకే ఒక్క హద్దు అదేనని ముందే అనుకున్నాం. ఫంక్షనల్ భాషల టైపుల వ్యవస్థ ఈ హద్దును కాపలా కాయగలదు. 'అంకె' ఒక టైపు, 'లీనియర్ మాట' ఇంకో టైపు. అంకెను మాటతో గుణించే గుర్తు ఇస్తాం, మాటను మాటతో గుణించే గుర్తు అసలు ఇవ్వం. ఎవరైనా పొరపాటున తెలియని రాడ్డు పొడవును తెలియని రాడ్ల సంఖ్యతో గుణించారనుకోండి, ప్రోగ్రాం నడవడం మాట అటుంచి కంపైల్ కూడా కాదు. దీనికి ఒక మెలిక ఉంది. హాస్కెల్‌లో + గుర్తు సంఖ్యల తరగతికి చెందినది, ఆ తరగతిలో చేరాలంటే × కూడా నిర్వచించి తీరాలి. రాత సొగసుగా కనబడాలని లీనియర్ మాటల్ని ఆ తరగతిలో చేర్చిన లైబ్రరీ, ×కు ఏదో ఒకటి రాయక తప్పదు, నడుస్తుండగా తప్పు చూపి ఆగిపోవడం తప్ప దానికి వేరే గతి లేదు. అందుకే జాగ్రత్తగల లైబ్రరీలు కూడికకు వేరే గుర్తు పెట్టుకుంటాయి. కంటికి కొంచెం వికారంగా ఉన్నా నేను ఆ పక్షమే.

≥ గుర్తుకూ ఇదే గొడవ. మామూలు ప్రోగ్రాంలో 5 ≥ 3 అంటే అది ఒక ప్రశ్న, జవాబు అవుననో కాదనో వస్తుంది. మోడల్‌లో అదే గుర్తు ప్రశ్న కాదు, నియమం. దాని టైపు వేరు, కాబట్టి లైబ్రరీలు దానికీ చుక్క తగిలించిన గుర్తో, పేరుగల ఫంక్షనో వాడతాయి. పైన నేను రాసిన ≥ ఆ రకానిదే అనుకోండి. లింప్ అనే హాస్కెల్ లైబ్రరీ ఇంకో అడుగు ముందుకు వేసి, పూర్ణాంకాలే కావలసిన చలరాశులనూ ఏ భిన్నమైనా పర్వాలేనివాటినీ వేర్వేరు టైపులుగా ఉంచుతుంది.

గణితపు రాతకు దగ్గరగా మోడల్ రాయాలన్న కోరిక హాస్కెల్‌వాళ్లదే కాదు. 1985 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ ఫోరర్, డేవిడ్ గే, బ్రయన్ కెర్నిగన్ ఈ పనికే ప్రత్యేకంగా ఆంపుల్ అనే భాషను తయారుచేశారు. సి భాష పుస్తకం చదివినవాళ్లకు ఆ మూడో పేరు పరిచయమే. ఆంపుల్‌లో షరతుల రాత ముచ్చటగా ఉంటుంది. కానీ తీరుల్ని పుట్టించే రికర్షన్ లాంటిది రాయాల్సి వచ్చినప్పుడు మోడల్ భాషకు ఊపిరాడదు, బయటి ప్రోగ్రాం సాయం కావాలి. పూర్తిస్థాయి భాష లోపలే మోడల్ రాస్తే రెండూ ఒకచోట ఉంటాయి.

రాయడం అయింది, తేల్చేదెవరు? హాస్కెల్ కాదు. సింప్లెక్స్‌ను మెరుపు వేగంతో నడిపే సాల్వర్లు ఎక్కువగా సి, సి++ భాషల్లో ఉన్నాయి: జి.ఎల్.పి.కె., సి.బి.సి., ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పుట్టిన హైస్, కొనుక్కోవలసినవి కావాలంటే సిప్లెక్స్, గురోబీ. హాస్కెల్ తన పట్టికల్ని వాటికి అందిస్తుంది, లేదా ఒక ఫైల్లో రాసి ఇస్తుంది. ఆ ఫైళ్లలో ఎం.పి.ఎస్. అనే రూపం పంచ్ కార్డుల కాలం నాటిది. ఫలానా నిలువు గడి నుంచి ఫలానా గడి వరకే పేరు ఉండాలి, పేరు ఎనిమిది అక్షరాలు దాటరాదు అన్న ఆనాటి కట్టుబాట్ల ఆనవాళ్లు దాంట్లో ఇంకా కనిపిస్తాయి. టైపుల గురించి ఇంత పట్టింపు ఉన్న భాష చివరికి పంచ్ కార్డు ముందు తల వంచడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

పూర్ణాంకాల షరతు పక్కన పెట్టి మన మోడల్‌ను తేల్చమంటే సాల్వర్ ఇలా చెబుతుంది: అయిదు-నాలుగు-మూడు తీరున 15 రాడ్లు, రెండు అయిదుల తీరున పన్నెండున్నర, మూడు నాలుగుల తీరున మూడుంబావు కంటే కాస్త ఎక్కువ, అంటే 10లో మూడో వంతు. మొత్తం 30.83. సరే, పైకి సర్దేద్దాం అనిపిస్తుంది: 15, 13, 4, కలిపితే 32. మేస్త్రి కంటే ఒక రాడ్డు మేలు. కానీ ఇంతకంటే మంచిది ఉందని మొదట్లోనే చెప్పాను. భిన్నాల్ని సర్దితే మంచి పూర్ణాంక జవాబు వస్తుందన్న నమ్మకం ఈ రంగంలో చాలామందిని ముంచింది.

సరైన దారి 1960లో ఐల్సా లాండ్, ఆలిసన్ డోయిగ్ అనే ఇద్దరు మహిళలు చూపించారు. పన్నెండున్నర కుదరదు కదా, అయితే లోకాన్ని రెండు చేద్దాం. ఒకదాంట్లో ఆ తీరు 12కు మించదు, రెండోదాంట్లో 13కు తగ్గదు. పూర్ణాంక జవాబు ఏదైనా ఈ రెండింట్లో ఒకచోట ఉండి తీరాలి. మొదటి కొమ్మలో మళ్లీ లెక్క తేలిస్తే రెండు అయిదులవి 12, అయిదు-నాలుగు-మూడువి 16, మూడు నాలుగులవి 3 వస్తాయి. అన్నీ పూర్ణాంకాలే, మొత్తం 31. మూడు మీటర్ల ముక్క ఒకటి అదనంగా వస్తుంది. రెండో కొమ్మ ఇక చూడనక్కర్లేదు. అక్కడ ఏ జవాబైనా 30.83కు తగ్గదు, రాడ్లు పూర్ణాంకాల్లోనే ఉండాలి కాబట్టి 31కి తగ్గదు. చేతిలో 31 ఇప్పటికే ఉంది.

ఈ కొమ్మల చెట్టును హాస్కెల్‌లో రాయడం ఒక సరదా. ఆ భాషకు బద్ధకం ఎక్కువ, ఎవరైనా అడిగేదాకా దేన్నీ లెక్కించదు. అందువల్ల పూర్తి చెట్టును నిర్వచించే ఫంక్షన్ ఒకటి, పనికిరాని కొమ్మల్ని నరికే ఫంక్షన్ ఇంకొకటి విడివిడిగా రాసుకోవచ్చు. చెట్టు ఎంత పెద్దదైనా భయం లేదు, నరికిన కొమ్మ అసలు మొలవదు. పుట్టించే పనినీ ఎంచే పనినీ ఇలా విడదీయగలగడమే ఫంక్షనల్ భాషల బలమని జాన్ హ్యూజ్ 1989లో అచ్చయిన తన వ్యాసంలో వాదించాడు. ఆయన చూపించిన ఉదాహరణల్లో ఆటల ఎత్తుల చెట్టు ఒకటి. మన చెట్టుకూ అదే వర్తిస్తుంది.

ఇప్పుడు 30తో ఎందుకు కాదో కాగితం మీద మనమే రుజువు చేసుకోవచ్చు. సాల్వర్ జవాబుతోపాటు ప్రతి షరతుకూ ఒక ధర కట్టి ఇస్తుంది. మన లెక్కలో 5 మీటర్ల ముక్క ధర అర రాడ్డు, 4 మీటర్లది రాడ్డులో మూడో వంతు, 3 మీటర్లది ఆరో వంతు. ఈ ధరలతో ఏడు తీరుల్నీ తూచి చూడండి. రెండు అయిదులు: అర, అర, ఒకటి. అయిదు-నాలుగు-మూడు: అర, మూడో వంతు, ఆరో వంతు, సరిగ్గా ఒకటి. మూడు నాలుగులు: ఒకటి. మిగతా నాలుగూ ఒకటికి లోపే. అంటే ఎలా కోసినా ఒక రాడ్డులోంచి ఒక రాడ్డు ధరకు మించిన సరుకు రాదు. మనకు కావలసిన సరుకు ధర 40 సగాలు 20, 25 మూడో వంతులు 8.33, 15 ఆరో వంతులు 2.5. కలిపితే 30.83. ఇక 30 రాడ్లు ఎలా చాలుతాయి?

ఈ ధరల్లో ఇంకో విశేషం ఉంది. 5 మీటర్ల ముక్కకు అర రాడ్డు, అంటే 6 మీటర్ల ఖరీదు పడుతోంది. 3 మీటర్ల ముక్క 2 మీటర్ల ఖరీదుకే వస్తోంది. రాడ్డుకు రెండే అయిదులు వచ్చి 2 మీటర్లు వృథా పోతోంది కాబట్టి ఆ భారమంతా అయిదు నెత్తిన పడింది. పొడవును బట్టి ముక్కకు రేటు కట్టే కాంట్రాక్టరుకు ఈ సంగతి కనబడదు.

రాడ్డు రాడ్డుకూ లెక్కవేసే పాత మోడల్‌ను భిన్నాలతో తేలిస్తే వచ్చేది 28.75 మాత్రమే. 29తో, 30తో ఎందుకు కాదో తేలడానికి ఆ దారిలో చాలా కొమ్మలు తిరగాలి. ఒకే సమస్య, ఒకే సాల్వర్, రాసిన తీరులోనే ఇంత తేడా.

తీరులు లక్షలూ కోట్లూ అయినప్పుడు గిల్మోర్, గొమోరీల అసలు ఉపాయం బయటపడుతుంది. అన్నిటినీ రాయకండి, కొన్నిటితో మొదలుపెట్టి ధరలు కట్టండి, ఆ ధరలకు ఒక రాడ్డు కంటే విలువైన సరుకు ఇచ్చే తీరు ఏదైనా ఉందా అని వెతకండి. ఉంటే చేర్చుకుని మళ్లీ తేల్చండి, లేకపోతే మీ దగ్గరున్నది చాలు. ఆ వెతుకులాట మళ్లీ ఒక చిన్న లెక్క: 12 మీటర్లలో గరిష్ఠ విలువ పట్టించడం. హాస్కెల్‌లో దీన్ని తనను తానే చూసుకునే ఒక పట్టికగా రాసేస్తారు. 12 మీటర్ల గడి 7, 8, 9 మీటర్ల గడుల్ని అడుగుతుంది, అవి తమ కంటే చిన్నవాటిని అడుగుతాయి, ఒకసారి తేలింది మళ్లీ లెక్కించరు.

ఇంత చెప్పాక కొన్ని చేదు నిజాలు. సాల్వర్లు దశాంశాలతో, కొద్దిపాటి సడలింపుతో పనిచేస్తాయి. 16 అని రావలసింది 15.9999999 అని రావచ్చు, దాన్ని భాగహారంలో శేషం వదిలేసినట్టు కింది అంకెకు కుదిస్తే 15 రాడ్లే కోస్తారు. హాస్కెల్‌లో భిన్నాల్ని భిన్నాలుగానే ఉంచే టైపు ఉంది. 30.83 అన్నది దాంట్లో ఖచ్చితంగా 185/6. సాల్వర్ జవాబును దగ్గరి పూర్ణాంకానికి సర్ది, ఆ టైపులో షరతులన్నిటినీ మళ్లీ సరిచూసే ఫంక్షన్ నాలుగు వరసల పని. నేనైతే అది లేకుండా జవాబును సైటుకు పంపను. రెండో సంగతి, ఈ పని మీద కూర్చున్న జనం. పైథాన్‌లో పల్ప్, జూలియాలో జంప్ వాడేవాళ్లు ఎందరో, హాస్కెల్ లైబ్రరీల వెనక ఉన్నది కొద్దిమంది. చిక్కుపడినప్పుడు అడగడానికి మనిషి దొరకడం కష్టం. టైపుల తప్పుల మీద కంపైలర్ ఇచ్చే సందేశాలు కూడా కొత్తవాళ్లను బెదరగొడతాయి. రేపే తేలాల్సిన పని ఉంటే, జట్టులో హాస్కెల్ తెలిసినవాళ్లు లేకుంటే, జంప్ వైపు వెళ్లమనే చెబుతాను.

ఏ టైపుల వ్యవస్థా పట్టుకోలేని తప్పు ఒకటుంది, లెక్క సరిగ్గా ఉండి ప్రశ్న వేరై ఉండటం. మన జవాబులో 12 రాడ్లకు తలా 2 మీటర్ల తునక మిగులుతుంది. దాన్ని తుక్కు కింద కట్టాం. మేస్త్రి దాన్ని చిన్నాచితకా పనులకు వాడుకోవచ్చు. అంతేకాదు, 31 రాడ్ల జవాబు ఒక్కటే లేదు. రెండు అయిదులవి 13, అయిదు-నాలుగు-మూడువి 14, మూడు నాలుగులవి 3, రెండు నాలుగులూ ఒక మూడువి 1 కోసినా 31 రాడ్లే, ముక్కలు సరిగ్గా 40, 25, 15. సాల్వర్ వీటిలో తనకు ముందు తగిలినదాన్ని చేతిలో పెట్టి ఊరుకుంటుంది, ఇంకోటి ఉందని చెప్పదు. కోత యంత్రం దగ్గర నిలబడినవాడికి మాత్రం ఈ రెండూ ఒకటి కావు. మొదటిదాంట్లో మూడు తీరులు, రెండోదాంట్లో నాలుగు. తీరు మారినప్పుడల్లా కొలతలు మార్చి మళ్లీ బిగించాలి.

అయితే ఆ మాటే మోడల్‌లో రాద్దాం: రెండు తీరులకు మించి వాడొద్దు. దీనికి ప్రతి తీరుకూ అవును-కాదు చలరాశి ఒకటి కావాలి, విలువ 1 లేదా 0. తర్వాత ఇలా కలుపుతాం:

మార్పులు = [ కోత తీ ≤ గరిష్ఠం తీ × వాడామా తీ | తీ ← మంచితీరులు ]
పరిమితి = మొత్తం [ 1 × వాడామా తీ | తీ ← మంచితీరులు ] ≤ 2

'వాడామా' సున్నా అయితే ఆ తీరున కోత కూడా సున్నానే. ఇందులో 'గరిష్ఠం' అన్న అంకె దగ్గర చాలామంది ఎందుకొచ్చిన గొడవని పది లక్షలు రాసి పడేస్తారు. అలా రాస్తే 'వాడామా' విలువ 0.000008 ఉన్నా 8 రాడ్లు కోయడానికి అనుమతి దొరుకుతుంది, సాల్వర్ తన సడలింపులో దాన్ని సున్నాగా లెక్కగట్టి షరతు నెరవేరిందంటుంది. తీరును బట్టి అవసరమైనంతే ఇవ్వాలి. నాలుగు మూడ్ల తీరు 4 రాడ్లకు మించి ఎప్పుడూ అక్కర్లేదు, రెండు అయిదుల తీరు 20 మించి అక్కర్లేదు. ఆ అంకెను కావలసిన ముక్కల నుంచి లెక్కించే ఫంక్షన్ ఒక్క వరసలో అయిపోతుంది. పాత షరతులకు ఈ ఎనిమిదింటినీ జోడిస్తే కొత్త మోడల్ సిద్ధం, పాతది పాతదిగానే ఉంది.

కొత్త జవాబు: అయిదు-నాలుగు-మూడు తీరున 25 రాడ్లు, రెండు అయిదుల తీరున 8. మొత్తం 33. మేస్త్రి మొదట చెప్పిన అంకె ఇదే, కాకపోతే ఆయన నాలుగైదు సార్లు కొలత మార్చాలి, ఇక్కడ రెండే తీరులు. 3 మీటర్ల ముక్కలు పది అదనంగా చేతికొస్తాయి. పరిమితి పెట్టే బదులు కొలత మార్పుకు ఒక ఖరీదు కట్టి లక్ష్యంలోనే చేర్చినా సరే. అప్పుడు మూడు తీరుల 31కీ, రెండు తీరుల 33కీ, ఒకే తీరున ప్రతి రాడ్డునూ అయిదు-నాలుగు-మూడుగా కోసేసే 40కీ మధ్య పోటీ. కొలత మార్పు ఖరీదు రెండు రాడ్లు దాటేదాకా మూడు తీరులదే గెలుపు, ఏడు రాడ్లు దాటితే ఒకే తీరుది, ఆ మధ్యలో రెండు తీరులది.